ముద్ర కింద తలుపు

శిక్షణ మొదటి రోజే రైటరమ్మ ఒక వేలిముద్రను చెరిపేసింది.

కావాలని చెయ్యలేదు. ఇంట్లో గిన్నెలు తోమీ తోమీ, పోలీసు స్టేషన్‌లో రాతపని చేస్తూ ఫైళ్ళ దుమ్ము దులిపీ దులిపీ అలవాటుపడిన చెయ్యి అది. ఆ చేతికి బ్రష్ ఇచ్చి, ఎదురుగా గాజు గ్లాసు పెట్టి, నల్లపొడి అద్దమన్నారు. ఆమె రుద్దింది. పొడి కింద సన్నటి రేఖలు సుడి తిరిగి ఒక్క క్షణం కనిపించాయి. ఇదా వేలిముద్ర తేలడమంటే, అని ముందుకు వంగేలోపల అవి మసి మరకగా మారిపోయాయి.

వెనక నిలబడి చూస్తున్న శిక్షణ మేడమ్ కనిపించిందా అని అడిగింది. కనిపించిందండి, పోయిందండి, అని రైటరమ్మ ఉన్నమాట చెప్పేసింది. వేరే స్టేషన్ల నుంచి వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వారు. వాళ్ళ గ్లాసుల సంగతి కూడా అంత గొప్పగా ఏం లేదు.

"గ్లాసు కడగమని ఇవ్వలేదమ్మా మీకు," అంది మేడమ్. "నిద్రపోయే పిల్ల మొహం మీద ఈగని తోలతాం చూడండి, అట్లా తగలాలి బ్రష్. ఈగ పోవాలి, పిల్ల లేవకూడదు."

ఆ మేడమ్‌కు టీ విరామం కూడా రాకముందే భూతద్దం మేడమ్ అని పేరు పడిపోయింది. ముక్కు మీద కళ్ళద్దాలు, మెడలో నల్లతాడుకు వేలాడే భూతద్దం, అవి రెండూ చాలవన్నట్టు బల్లకు బిగించిన పెద్దది ఇంకోటి. మనిషి మాత్రం సన్నగా, గట్టిగా వీస్తే ఎగిరిపోయేట్టు ఉంటుంది. ఎవరైనా తలుపు తీసుకుని లోపలికి వస్తే ముందు వాళ్ళ మొహం చూడదు, తలుపు మీద వాళ్ళు చెయ్యి ఎక్కడ వేశారో చూస్తుంది.

రైటరమ్మ ఈ శిక్షణకు రావడానికి ఆమె గొప్పతనమేమీ కారణం కాదు. స్టేషన్‌లో ఇంకెవరూ వెళ్ళడానికి ఒప్పుకోలేదు. వేలిముద్రలు తీసే హెడ్డుగారు, రిటైరయ్యే ముందు నాకు కొత్త విద్యలేంటి, కాటికి కాళ్ళు చాపుకున్నవాడికి చెప్పులు కొన్నట్టు, అన్నాడు. మిగతావాళ్ళకు బందోబస్తు డ్యూటీ ఉంది. చివరికి వారం రోజులు రాతపని ఆగితే కొంపలేం మునగవని ఇన్‌స్పెక్టర్ ఆమె పేరు రాసి పంపాడు. ఆమె లోపల లోపల ఎంత సంతోషించిందో ఆయనకు తెలియదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి "సంఘటనా స్థలంలో వేలిముద్రలు సేకరించబడినవి" అనే వాక్యాన్ని ఆమె గుండ్రటి అక్షరాలతో కొన్ని వందల సార్లు రాసింది. సేకరించడం ఎట్లా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఎటూ వెళ్తున్నావు కదా అని ఇన్‌స్పెక్టర్ ఒక కవరు కూడా చేతికిచ్చాడు. లక్క వేసి సీలు చేసిన కవరు. అందులో ఒక ఇంట్లో జరిగిన దొంగతనం తాలూకు వేలిముద్రల కార్డులు, ఒక ఫ్రిజ్ మెకానిక్ పది వేళ్ళ ముద్రలు, పోల్చి చూడ్డానికి ఇంటివాళ్ళ ముద్రలు ఉన్నాయి. ఆ ఇంటి బీరువా లోపలి లాకర్‌లో ఉండాల్సిన గాజులు పోయాయి. అంతకు రెండు రోజుల ముందు ఫ్రిజ్ బాగుచెయ్యడానికి ఆ మెకానిక్ వచ్చి వెళ్ళాడు. బయటివాళ్ళు ఇంకెవరూ రాలేదని ఇల్లాలు చెప్పింది. వంటింటి గడప దాటలేదని మెకానిక్ చెప్పాడు. అయినా అతన్ని రోజూ పొద్దున్నే పిలిపించి సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. పనిముట్ల సంచీ తీసుకుని గదిలో పెట్టి తాళం వేశారు. అది లేకపోతే అతనికి పని లేదు.

శిక్షణకు బయల్దేరిన పొద్దున ఆమె కవరు బ్యాగులో పెట్టుకుంటుంటే అతను బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. అతని పది వేళ్ళకూ సిరా పూసి కార్డు మీద దొర్లించింది ఆమే. అందరిలాగే అతను కూడా సాయం చేద్దామని వేలు తనే తిప్పబోతే, చెయ్యి బిగబట్టకు, నాకొదిలెయ్, నేనే తిప్పుతాను, అని చెప్పింది. అతను వదిలేశాడు.

"ఆ కవర్లో నా ముద్రలు ఉన్నాయా మేడమ్?" అని అడిగాడు.

ఉన్నాయంది.

"అయితే మంచిది. అక్కడ పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయంట కదా. నేను కాదని తేలిపోతుంది."

ఆ మాట ఆమెకు బస్సులో కూడా గుర్తొచ్చింది. దొంగైనవాడు ఆ కవరును చూసి అట్లా సంతోషపడడు, అనుకుంది.

రెండో రోజుకు చెయ్యి దారికొచ్చింది. బ్రష్‌ను రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ పొడిని తేలిగ్గా తాకిస్తే రేఖలు వాటంతటవే పైకి తేలుతున్నాయి. అవి ఎటు తిరుగుతున్నాయో చూసి, అటే బ్రష్‌ను తిప్పాలి. అడ్డంగా పోయావా, అవి అలుగుతాయి. మేడమ్ మాటలే అవి. ఆ తర్వాత టేపు. ఒక కొస అంటించి, గాలి బుడగ చిక్కకుండా బొటనవేలితో నిమురుకుంటూ పోవాలి. మళ్ళీ ఒకే ఊపున లేపాలి, మధ్యలో ఆగకూడదు. లేపిన టేపును తెల్ల కార్డు మీద పరచగానే గ్లాసు మీద ఉన్న మనిషి కార్డు మీదికి వచ్చేస్తాడు. రైటరమ్మ తన మొదటి మంచి ముద్రను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. అది ఎవరిదో కాదు, తనదే. ఇన్నేళ్ళుగా తన వేలి కొసన ఇంత పెద్ద సుడిగుండం ఉందని ఆమెకు తెలియదు.

కాగితం మీది ముద్రలకు వేరే మందు ఉంది. అది పూసి వెచ్చగా ఉంచితే, ఎప్పుడో పట్టుకున్న వేళ్ళు ఊదారంగులో బయటపడతాయి. నున్నటి ప్లాస్టిక్ వస్తువులైతే గాజుపెట్టెలో పెట్టి, జిగురు వేడిచేసి ఆ ఆవిరి పట్టిస్తారు. లోపల తెల్లగా రేఖలు పేరుకుంటుంటే రైటరమ్మ పెట్టెకు ముక్కు ఆనించి చూసింది. మేడమ్ వచ్చి, మీ ముక్కు ముద్ర కూడా దొరికింది, తుడవండి, అని ఒక గుడ్డ చేతికిచ్చింది.

ప్రతి కార్డు వెనకా రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ వస్తువు, ఏ వైపు, పైకి ఏది అని బాణం గుర్తు, ఎవరు తీశారు, తేదీ. టేపు కార్డు మీద పడీ పడగానే, అక్కడే, ఆ వస్తువు ముందే నిలబడి రాయాలి. మేడమ్ ఈ ఒక్క విషయంలో మాత్రం నవ్వదు. తర్వాత రాద్దామన్న కార్డు తల్లి పేరు తెలియని బిడ్డలాంటిదని, ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ బిడ్డవుతుందని చెప్పింది. రైటరమ్మ తల ఊపింది. అందరూ ఊపారు.

సాధన చెయ్యమని ఇచ్చిన బ్రష్, చిన్న డబ్బాలో పొడి ఇంటికి తీసుకెళ్ళింది. ఇంట్లో చాలాకాలంగా తేలని కేసు ఒకటి ఉంది. బిస్కెట్ల డబ్బా నింపిన మర్నాటికల్లా సగమవుతోంది. అత్తగారికి షుగరు, ఆవిడ ముట్టకూడదు. నేనెందుకు ముడతానే, నీ కూతురే తింటోంది, అని ఆవిడ అంటుంది. రైటరమ్మ భర్తేమో బస్సు డ్రైవరు, ఏ వేళకు ఇంట్లో ఉంటాడో ఆయనకే తెలియదు. పదేళ్ళ కూతురు ఆ నింద మోసీ మోసీ విసిగిపోయి ఉంది. అందుకే డబ్బా బల్ల మీద పెట్టి తల్లి బ్రష్ తీసేసరికి అది స్కూలు బట్టలు కూడా మార్చుకోకుండా పక్కనే నిలబడింది.

మూత పైన నాలుగు ముద్రలు తేలాయి. అందులో పెద్దది, మధ్యలో కోసుకున్న పాత గీత ఉన్నది అత్తగారి బొటనవేలు. ఎవరికైనా తెలిసిపోతుంది. కూతురు నానమ్మ చెయ్యి పట్టుకుని డబ్బా పక్కన పెట్టి మరీ చూపించింది. గీతకు గీత సరిపోయింది.

అత్తగారు ఏమాత్రం తొణకలేదు. "రోజూ ఆ డబ్బా తుడిచి అటక మీద పెట్టేది ఎవరు? నా వేలు ఉండక పక్కింటావిడ వేలు ఉంటుందా? ముట్టుకున్నానని చెప్పు, ఒప్పుకుంటా. తిన్నానని ఆ గీతలు చెప్పాయా నీకు?"

రైటరమ్మ బ్రష్ కింద పెట్టింది. నిజమే, చెప్పలేదు.

"మరి మూత లోపలి వైపు చూద్దామా అమ్మా?" అంది కూతురు.

"పొద్దుపోయింది, పోయి లెక్కలు చేసుకో," అని అత్తగారు డబ్బా ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నవ్వు ఆపుకోలేక తల్లీ కూతుళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు.

మూడో రోజు మధ్యాహ్నం కవరు ఫలితం వచ్చింది. పక్క గదిలో ఉండే నిపుణుడు కాగితాలు తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాడు. లాకర్ తలుపు మీద దొరికిన ముద్ర ఫ్రిజ్ మెకానిక్ కుడిచేతి చూపుడువేలిదే. ఎక్కడెక్కడ రేఖలు చీలుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో ఎర్రటి గీతలతో గుర్తులు పెట్టి పెద్ద బొమ్మ వేశారు. మేడమ్ తను కూడా విడిగా చూసి సరే అంది. అనుమానించడానికి ఏమీ లేదు. మిగతా మూడు కార్డుల మీదా ఇంటివాళ్ళ ముద్రలే. వాటితో పనిలేదని పక్కన పెట్టారు.

రైటరమ్మకు ముందు కోపం వచ్చింది. అతని మీద కాదు, తన మీద. అతను నంగనాచిలా లేచి నిలబడి, నేను కాదని తేలిపోతుందంటే నమ్మేసింది. స్టేషన్‌లో ఇన్నేళ్ళు పనిచేసి ఇంత తేలిగ్గా బుట్టలో పడ్డానా అనుకుంది. సాయంత్రం హెడ్డుగారు ఫోన్ చేశాడు. ఆయనకు అప్పుడే సంగతి తెలిసింది, గొంతులో ఉత్సాహం దాగడం లేదు.

"ఏం అమ్మాయ్, పడ్డాడటగా పిట్ట. వానలో తడుస్తూ వెళ్ళి తీసిన ముద్ర అది. ఈ ముసలాడి చెయ్యి ఇంకా పనికొస్తుందని మీ మేడమ్‌కు చెప్పు."

చెప్తానంది. రిపోర్టు పట్టుకుని శనివారం వచ్చేస్తే సోమవారం కోర్టులో పెట్టి రిమాండ్‌కు పంపిస్తారట. మెకానిక్‌కు ఇంకా చెప్పలేదట, రోజూ లాగే వచ్చి కూర్చుంటున్నాడట. ఆమెకు ఆ బెంచీ కళ్ళ ముందు కదిలింది. కోపం కాస్త తగ్గి, దాని చోట ఏదో తెలియని ఇబ్బంది వచ్చి కూర్చుంది.

నాలుగో రోజు మేడమ్ ఒక ఆట పెట్టింది. బల్ల మీద కార్డులు పరిచింది, ఒక్కదాని వెనకా ఏమీ రాసి లేదు. ఇది ఎవరి వేలో నాకు అక్కర్లేదు, ఏ వస్తువు మీది నుంచి లేపానో చెప్పండి, అంది. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. వేలిముద్రలో వేలు తప్ప ఇంకేముంటుంది?

"టేపుకు మీ దొంగ ఒక్కడే అంటుకుంటాడా?" అంది మేడమ్. "వాడు చెయ్యి పెట్టిన గోడ కూడా అంటుకుంటుంది. మనం వేలు చూసి మురిసిపోయి గోడను మర్చిపోతాం. రేఖల్ని కాసేపు వదిలేసి వాటి సందుల్లో చూడండి."

రైటరమ్మ భూతద్దం కింద మొదటి కార్డు పెట్టింది. చాలాసేపు వేలు తప్ప ఏమీ కనిపించలేదు. వాకిట్లో ముగ్గు చూసే మనిషికి నేల కనిపించనట్టే. తర్వాత ఒక్కసారిగా కనిపించింది. రేఖలకు అడ్డంగా, వాటితో ఏ సంబంధమూ లేకుండా పొడుగాటి సన్నటి గీతలు వెళ్తున్నాయి. చెక్క, అంది. మేడమ్ తల ఊపింది. రెండోదాంట్లో గజిబిజిగా అల్లుకున్న ముడతలు, తోలు. మూడోది శుభ్రంగా, వెనక ఏమీ లేకుండా ఉంది, గాజో నున్నటి పెయింటో. ఆటలో ఆమె అందరికంటే ముందుకు పోతోంది. చిన్నప్పుడు కూడా ఆమెకు ఏ ఆటలోనూ ఇంత సరదా పుట్టలేదు.

నాలుగో కార్డు మీది ముద్ర చిల్లులు పడ్డట్టు ఉంది. రేఖలు సాగుతూ సాగుతూ మధ్యలో చిన్న చిన్న తెల్ల చుక్కల దగ్గర తెగిపోతున్నాయి. పొడి సరిగ్గా అంటలేదేమో అన్నాడు పక్కనున్న అతను. కాదు, అంది రైటరమ్మ. పొడి అంటకపోతే ఎక్కడపడితే అక్కడ పోతుంది. ఈ చుక్కలు అన్ని వైపులా ఒకే ఎడంలో ఉన్నాయి. నారింజ తొక్కలాంటి ఉపరితలమేదో కింద ఉంది, దాని గుంటల్లోకి టేపు దిగలేదు.

"ఏంటది?" అని అడిగింది మేడమ్.

తెలియదంది. మేడమ్ ఆమెను చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. అక్కడ అందరూ అన్నం డబ్బాలు పెట్టుకునే పాత ఫ్రిజ్ ఉంది. తలుపు నిమరమంది. అరచేతికి సన్నటి గరుకు తగిలింది, నారింజ తొక్కే.

రైటరమ్మ చెయ్యి ఆ తలుపు మీదే ఉండిపోయింది. నిన్న ఎర్ర గీతలు పెట్టిన పెద్ద బొమ్మలో కూడా తెల్ల చుక్కలున్నాయి. పాపం హెడ్డుగారి పొడి పాతదేమో అనుకుని చూసీ చూడనట్టు వదిలేసింది.

ఆ కార్డు మళ్ళీ ఒకసారి చూడాలని ఆమె అడిగినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. మేడమ్ ఎందుకని అడగలేదు. బీరువా తాళం తీసి, నాలుగు కార్డులూ తెచ్చి, తన ఎదురుగానే బల్ల మీద పెట్టి, పక్కన కూర్చుంది. మొదట లాకర్ తలుపు అని రాసి ఉన్న కార్డు. మెకానిక్ వేలు, వేలి వెనక వరసగా చుక్కలు. తర్వాత ఫ్రిజ్ తలుపు అని రాసి ఉన్న కార్డు. ఇల్లాలి వేలు. వెనక ఏమీ లేదు, అద్దంలా నున్నగా ఉంది.

రెండు కార్డుల వెనక రాతలూ తారుమారయ్యాయి.

మేడమ్ కూడా చూసింది. మెడలోని భూతద్దంతో ఒకసారి, బల్లకు బిగించిన దానితో ఒకసారి. నిన్న తనూ వేలే చూశానని, వెనక చూడలేదని చెప్పి, కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత కార్డు తిప్పి వెనక ఉన్న అక్షరాలు చూసింది.

"గుండ్రంగా ముత్యాల్లా ఉన్నాయి," అంది. "ఎవరు రాశారమ్మా?"

"నేనేనండి."

ఆ రోజు వాన. హెడ్డుగారు తడిసిన చొక్కాతో స్టేషన్‌కు వచ్చి, లోపలి జేబులోంచి కార్డులు తీసి ఆమె బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. ఆయన రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఆయనకే తిరిగి చదవడం రాదు. అందుకని ఏళ్ళ తరబడి ఆయన చెప్తుంటే ఆమె రాస్తోంది. ఆ పద్ధతిలో తప్పుందని ఎవరికీ, ఎప్పుడూ తోచలేదు. అమ్మాయ్, ఇది హ్యాండిల్, ఇది కిటికీ, అంటుండగా టీ వచ్చింది. గ్లాసు పెట్టడానికి ఆమె కార్డులు పక్కకు జరిపింది. ఫోన్ మోగి ఆయన లేచి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఇది లాకర్, ఇది ఫ్రిజ్, అన్నాడు. ఆమె రాసింది. ఆయన చేతిలో మారాయో, ఆమె జరిపినప్పుడు మారాయో ఇప్పుడు ఏ భూతద్దమూ చెప్పలేదు.

ఆమె ఇదంతా చెప్పింది. మేడమ్ విని, కార్డులు సర్దుతూ తన పని తను చేస్తానంది. వేలు మెకానిక్‌దేనని, అయితే కింద ఉన్న ఉపరితలం నున్నటి లాకర్ తలుపులా లేదని రిపోర్టులో ఒక వాక్యం రాస్తుంది. "నేను ఇంతే రాయగలను. ఆ రెండు తలుపులూ నేను చూడలేదు, ఆ కార్డులూ నేను రాయలేదు. చదివేవాళ్ళు వేలు దగ్గరే ఆగిపోతే నా వాక్యం కాగితం మీద అట్లాగే పడి ఉంటుంది."

మర్నాడు శిక్షణలో చివరి పని. ఎవరి స్టేషన్ పరిధిలో వాళ్ళు ఒక ఇంటికి వెళ్ళి, ముద్రలు తీసి, కార్డులు పద్ధతి ప్రకారం రాసి తేవాలి. రైటరమ్మ ఏ ఇంటికి వెళ్తుందో మేడమ్ అడగలేదు.

ఇల్లాలు తలుపు తీసి, దొరికాడటగా దొంగ, అంది. మాటలో సంతోషం ఉంది కానీ ఆమె కళ్ళు అలిసిపోయి ఉన్నాయి. పోయినవి వాళ్ళమ్మ గాజులట. రైటరమ్మ చిన్న పని మిగిలిందని చెప్పి ముందు వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు నిమరగానే వేళ్ళకు తెలిసిపోయింది. అయినా పొడి అద్దింది, టేపు వేసింది, లేపింది, కార్డు మీద పరిచింది. కదలకుండా అక్కడే, ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడి వెనక అంతా రాసింది, బాణం గుర్తు పెట్టింది. పడకగదిలో లాకర్ తలుపు దగ్గరా అట్లాగే చేసింది. అది పాల మీగడ రంగు పెయింటు, చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు.

మెకానిక్ ఈ గదిలోకి రావడం మీరు చూశారా అని ఆమె అడిగింది. ఇల్లాలు ఆలోచించింది. లేదు, చూడలేదు, నేను వంటింట్లోనే ఉన్నాను, అతనూ అక్కడే ఉన్నాడు. కానీ ముద్ర ఉందన్నారు కదా, నా కళ్ళు కప్పి వచ్చి ఉంటాడనుకున్నాను. ఆ మాట అన్నాక ఆమే లాకర్ వైపు తిరిగి, మరి రాలేదా, అంది.

"ఇంకా తెలియదండి," అంది రైటరమ్మ. అది నిజమే. గాజులు ఎవరు తీశారో ఆమెకు తెలియదు. ఈ ముద్రకు కూడా తెలియదు.

మేడమ్ ఆ రెండు కొత్త కార్డులను పాతవాటి పక్కన పెట్టి చూసి, రిపోర్టులో మొదట అనుకున్న వాక్యాన్ని కొట్టేసి ఇంకొంచెం గట్టిగా రాసింది. రైటరమ్మకు సర్టిఫికెట్ ఇస్తూ చేతివేళ్ళు చూపించమంది. గోళ్ళ సందుల్లో నల్లపొడి ఇరుక్కుని ఉంది. వారం దాకా పోదని చెప్పింది.

శనివారం ఇన్‌స్పెక్టర్ రిపోర్టు మొదటి పేజీ చదివి సంతోషించాడు. రెండో పేజీ ఆమె చదివించింది. పాత కార్డులు రెండూ, కొత్తవి రెండూ బల్ల మీద పెట్టి, తను కొత్తగా కొనుక్కున్న భూతద్దం తీసి ఇచ్చింది. హెడ్డుగారు ఆయన కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. గుమ్మంలోంచి చూస్తే బెంచీ మీద మెకానిక్ కనిపిస్తున్నాడు.

"ముద్ర అతనిదేనా కాదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అతనిదే సార్."

"మరింకేం?"

"తలుపు వేరే సార్. అతను బాగుచేసిన ఫ్రిజ్ తలుపు అది."

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు. భూతద్దంలో చుక్కలు చూశాడు, మళ్ళీ చూశాడు. భూతద్దం కింద పెట్టి, అతన్ని పంపించేద్దాం అన్నాడు. కానీ ఆయన మాట అయిపోలేదు. ఖాళీ కార్డులు రెండు తెచ్చి, టేపులు జాగ్రత్తగా మార్చి, నీ చేత్తోనే సరిగ్గా రాసెయ్యి, అన్నాడు. ల్యాబ్ వాళ్ళకు నేను చెప్పుకుంటాను. అతనూ ఇంటికి పోతాడు, మనకూ మాట రాదు. హెడ్డుగారికి ఇంకెంతో సర్వీసు లేదు, ఈ వయసులో ఆయన మీద ఎంక్వైరీ ఎందుకు?

ఆమె హెడ్డుగారి వైపు చూడలేకపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారులు అరిస్తే వరండాలో నిలబడి ఏడ్చిన ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది ఆయనే. ప్రసూతి సెలవులో ఆమె రాతపని ఆ కోడిగీతలతోనే ఆయన నెట్టుకొచ్చాడు. ఒక్క టేపు లేపి ఇంకో కార్డు మీద వేస్తే అందరూ బాగుంటారు. ఆమెకు ఇప్పుడు ఆ పని చక్కగా వచ్చు కూడా. మధ్యలో ఆగకుండా ఒకే ఊపున లేపితే చాలు.

"అట్లా చెయ్యలేను సార్," అంది. "ఇవాళ ఒకర్ని వదలడానికి మారుస్తాం. కార్డు మార్చడం వచ్చాక రేపు ఎందుకు మారుస్తామో మనకే తెలియదు. ఆ కార్డులు అట్లాగే ఉండనివ్వండి. ఏం జరిగిందో నేను స్టేట్‌మెంట్ ఇస్తాను. తప్పు రాసింది నేను."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం కంటే చిరాకే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో. స్టేట్‌మెంట్ ఇస్తే రాసేదెవరని అడిగాడు. ఈ స్టేషన్‌లో స్టేట్‌మెంట్లు రాసేదే నువ్వు. నీది నువ్వే రాసుకుంటే చెల్లదు.

ఇన్‌స్పెక్టర్ తన పెన్ను వైపు చూసుకున్నాడు కానీ తీయలేదు.

హెడ్డుగారు కుర్చీ వెనక నుంచి కదిలాడు. నడిచి వెళ్ళి, రైటరమ్మ కుర్చీలో కూర్చుని, సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది నుదుటి మీదే ఉంది. ఎదురుగా, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు చూపించాడు. ఆమె కూర్చుంది. ఇన్నేళ్ళలో బల్లకు ఈ వైపు నుంచి ఆ గది ఎట్లా ఉంటుందో ఆమె చూడలేదు.

ఆయన వెంటనే చెప్పమని అడగలేదు. ముందు కాగితం తల మీద చోటు రాశాడు, తేదీ రాశాడు, గోడ గడియారం చూసి టైము రాశాడు. అప్పుడు తలెత్తాడు.

"చెప్పు అమ్మాయ్. మెల్లగా చెప్పు. నా రాత సంగతి నీకు తెలుసుగా."

ఆమె చెప్పింది. వాన, తడిసిన చొక్కా, బల్ల మీద పరిచిన కార్డులు, టీ గ్లాసు కోసం తను చేత్తో జరపడం. ఆయన పెన్ను బరబరా గీసుకుంటూ పోతోంది, వరస వంకర తిరుగుతోంది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కార్డుల మీద అక్కడికక్కడే ఏమీ రాయలేదని చెప్పింది. తర్వాత స్టేషన్‌లో చెప్తుంటే తను రాశానని చెప్పింది. ఎవరు చెప్తుంటే అన్న చోట ఆమె మాట ఆగిపోయింది.

పెన్ను కూడా ఆగింది. గుమ్మం అవతల మెకానిక్ బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు, ఏదో జరుగుతోందని అతనికి అర్థమైనట్టుంది.

"ఆగావేం?" అన్నాడు హెడ్డుగారు కాగితం మీద నుంచి తలెత్తకుండా. "నా దగ్గరే ఆగితే ఎట్లా. రాస్తున్నాగా."

ఆమె చెప్పింది. ఆయన పెన్ను కొస ఒకసారి తుడిచి, కాగితం మీదికి బాగా వంగి, తన పేరును ఒక్కో అక్షరం విడివిడిగా, ఎవరైనా చదవగలిగేట్టు రాశాడు.